వ్రాసిన సీడీ తెరుచుకోదేం? – ఒక చిన్న చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన సంపాదకవర్గం వారు కోరినప్పుడు రాజుల చరిత్ర వ్రాయాలా, ఊరి చరిత్ర వ్రాయాలా అని కొంత ఆలోచించాను. చివరకు మనందరి ఇళ్ళలో బీరువా అడుగున పడివున్న ఒక వస్తువు చరిత్ర వ్రాయడం మేలనిపించింది. అది సీడీ. కూతురి పెళ్ళి, మనవడి నామకరణం, షష్టిపూర్తి, పదవీ విరమణ సభ అన్నీ ఒక కాలంలో వాటి మీదికే ఎక్కించుకున్నాం. ఈరోజు తీసి పెడితే చాలావరకు తెరుచుకోవు. "పైన గీతలు పడ్డాయేమో" అని పంచె కొంగుతో తుడిచి మళ్ళీ పెడతాం. అప్పుడూ తెరుచుకోవు. ఇలా ఎందుకయిందో తెలియాలంటే ఆ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలియాలి.

మన చుట్టూ ఉన్న వ్రాతలు

చిలమకూరు, యర్రగుంట్ల, కలమళ్ళ పరిసరాల్లో ఉద్యోగాలు చేసి, ఇల్లు కట్టుకొని, పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళం మనం. వ్రాత విషయంలో ఈ ప్రాంతానికి ఒక పెద్దరికం ఉంది. ఇప్పటివరకు తెలిసిన తొలి తెలుగు శాసనంగా పండితులు చెప్పేది కలమళ్ళ చెన్నకేశవాలయ ఆవరణలోని రాతిశాసనమే. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలం నాటిది. క్రీ.శ. 575 ప్రాంతపుదని నిర్ణయించారు. ఎర్రగుడిపాడులోను, మన చిలమకూరులోను కూడా ఆ చోళుల శాసనాలు దొరికాయి.

కలమళ్ళ రాతిమీద అక్షరాలన్నీ చెక్కుచెదరకుండా లేవు. కొన్ని చెరిగిపోయాయి. అయినా పండితులు మిగిలిన అక్షరాలను పట్టుకొని, ఇరుగుపొరుగు శాసనాలతో పోల్చి, విషయం ఇదీ అని తేల్చారు. ఈ మాట గుర్తుంచుకోండి. సీడీ కూడా లోలోపల సరిగ్గా ఇదే పని చేస్తుంది. చెరిగిన అక్షరాన్ని మిగిలిన అక్షరాలను బట్టి పూరిస్తుంది. కాకపోతే పండితుడు చేసే పనిని అది లెక్కలతో చేస్తుంది.

వ్రాత నిలిచినా చదివేవాడు లేకపోతే ఏమవుతుందో కూడా మన సీమ చరిత్రలోనే ఉంది. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. రాగి చెడలేదు, అక్షరం చెరగలేదు. అయినా శతాబ్దాలపాటు వాటిని తీసి చదివిన నాథుడు లేడు. 20వ శతాబ్దంలో పండితులు పూనుకొని పరిష్కరించి అచ్చువేశాకే అవి మన నోళ్ళలోకి వచ్చాయి. కాబట్టి వ్రాత రెండు విధాలుగా పోతుంది. వ్రాసిన వస్తువు చెడిపోవచ్చు, లేదా చదివే సాధనం కరువు కావచ్చు. సీడీకి ఈ రెండు తెగుళ్ళూ ఉన్నాయి.

సీడీ పుట్టుక

హాలండుకు చెందిన ఫిలిప్స్, జపానుకు చెందిన సోనీ కంపెనీలు కలిసి సీడీని రూపొందించాయి. 1982 అక్టోబరు 1న జపానులో సోనీ వారి సీడీ ప్లేయరు అమ్మకానికి వచ్చింది. పళ్ళెం వెడల్పు 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్కుతో చేసింది. గ్రామఫోను రికార్డు మీద గాడి బయటినుంచి లోపలికి సాగితే, సీడీ మీద లోపలినుంచి బయటికి సాగుతుంది. చుట్టకు చుట్టకు మధ్య దూరం 1.6 మైక్రానులు, అంటే మిల్లీమీటరులో సుమారు ఆరువందల వంతు. ఆ చుట్టంతా విప్పి చాపితే 5 కిలోమీటర్లకు పైగా వస్తుంది.

గాడిలో చిన్న చిన్న గుంతలు ఉంటాయి. అడుగునుంచి లేజరు కాంతి పడుతుంది. పైనున్న అల్యూమినియం పూత అద్దంలాగా దాన్ని వెనక్కి పంపుతుంది. గుంత వచ్చినచోట తిరిగివచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులనే యంత్రం అంకెలుగా, అంకెలను పాటగా మారుస్తుంది. ఈ గుంతలు ఫ్యాక్టరీలో అచ్చు వేసినవి. ఇంట్లో మనం వ్రాయడానికి అందులో వీలు లేదు.

ఇంట్లో వ్రాసుకొనే సీడీ తర్వాత వచ్చింది. జపానుకు చెందిన తైయో యూడెన్ కంపెనీ 1988లో దాన్ని తయారు చేసింది. అందులో గుంతలు ఉండవు. ఖాళీ గాడి, దాని మీద ఒక రంగు పూత, ఆ పైన అద్దపు పూత ఉంటాయి. వ్రాసే యంత్రం లేజరును మామూలు కంటే తీవ్రంగా వెలిగించి రంగు పూతను చోటుచోటునా కాలుస్తుంది. కాలినచోట కాంతి సరిగా తిరిగిరాదు. చదివే యంత్రం దాన్నే గుంత అనుకుంటుంది. సీడీని "బర్న్ చేయడం" అనే మాట అలా పుట్టింది. కాబట్టి ఫ్యాక్టరీ సీడీ రాతిమీద చెక్కిన అక్షరం వంటిదైతే, మన ఇంటి సీడీ గుడ్డమీద వేసిన అద్దకం వంటిది. గుడ్డ బాగానే ఉన్నా రంగు వెలిసిపోవచ్చు.

మొదట్లో వ్రాసే యంత్రాలు సామాన్యులకు అందే ధరలో లేవు. 1995లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ 1000 డాలర్లకు లోపు ధరతో ఒక యంత్రాన్ని తెచ్చింది. అక్కడినుంచి ధరలు దిగసాగాయి. వ్రాసేందుకు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అడాప్టెక్ వారి ఈజీ సీడీ క్రియేటర్, జర్మనీ నుంచి వచ్చిన నీరో బర్నింగ్ రోమ్ మన ఊళ్ళ స్టూడియోల్లో బాగా వాడుకలోకి వచ్చినవి. రోము నగరం తగలబడుతుంటే నీరో చక్రవర్తి ఫిడేలు వాయించాడన్న మాటను తీసుకొని సరదాగా పెట్టిన పేరది. సీడీ రోము కూడా రోమే కదా! మన దేశంలో మోజర్ బేర్ కంపెనీ ఖాళీ సీడీలను పెద్ద ఎత్తున తయారు చేసింది. 2000 తర్వాత ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, యర్రగుంట్ల బజార్లలో జిరాక్సు షాపువాళ్ళు కూడా సీడీలు వ్రాసి ఇచ్చే స్థితి వచ్చింది. వీడియో క్యాసెట్లు పోయి పెళ్ళి సీడీలు వచ్చాయి.

తెరుచుకోకపోవడానికి కారణాలు

ఉద్యోగంలో రికార్డుల పని చూసినవాణ్ణి కావడంతో, విరమణ తర్వాత తెలిసినవారు తెరుచుకోని సీడీలను నా దగ్గరికి తెస్తూ వచ్చారు. కొన్నేళ్ళపాటు వాటిని ఒక నోటుపుస్తకంలో వరుసగా వ్రాసుకుంటూ, ఏది ఎందుకు చెడిందో వెతకడం నాకొక వ్యాపకమైంది. చూడగా చూడగా, కారణాలు కూడా సీడీ చరిత్ర నడిచిన వరుసలోనే ఉన్నాయని తెలిసింది.

మొదటిది, వ్రాత మధ్యలో ఆగిపోవడం. తొలినాటి యంత్రాల్లో లేజరు ఒకసారి కాల్చడం మొదలుపెడితే చివరిదాకా ఆగకుండా సాగవలసిందే. సీడీ ఒంటి వేగానికి సెకనుకు 150 కిలోబైట్ల సమాచారం కావాలి. నాలుగింతల వేగానికి 600 కావాలి. కంప్యూటరు ఆ లెక్కన అందిస్తూ పోవాలి. యంత్రంలో ఒక చిన్న నిల్వ తొట్టి ఉండేది. ఒక మెగాబైటు తొట్టి అయితే నాలుగింతల వేగంలో రెండు సెకన్లకు ముందే ఖాళీ అవుతుంది. ఈలోగా కంప్యూటరు వేరే పనిలో పడిందా, తొట్టి ఎండిపోతుంది, వ్రాత తెగిపోతుంది, ఆ సీడీ ఇక పనికిరాదు. వడ్లమిల్లులో గొట్టంలోకి గింజ పడకపోతే రాళ్ళు ఒట్టిగా తిరిగినట్టు. ఆ రోజుల్లో స్టూడియోవాళ్ళు సీడీ వ్రాస్తున్నంతసేపు కంప్యూటరును ముట్టుకోనిచ్చేవారు కాదంటే కారణం ఇదే. 2000లో సాన్యో కంపెనీ బర్న్ ప్రూఫ్ అనే ఏర్పాటు తెచ్చింది. తొట్టి ఖాళీ అయ్యే సమయానికి లేజరు ఆగి, నిండాక ఆగినచోటినుంచే మళ్ళీ మొదలుపెడుతుంది. మిగతా కంపెనీలూ ఇటువంటివే తెచ్చాయి. దానితో ఈ తెగులు తగ్గింది. కరెంటు పోతే మాత్రం ఏ ఏర్పాటూ ఆదుకోదు. మన సీమ కరెంటు కోతల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రెండవది, ముగింపు వేయకపోవడం. సీడీ మొదట్లో ఏది ఎక్కడ ఉందో చెప్పే విషయసూచిక ఒకటి ఉండాలి. వ్రాసే యంత్రం పని అంతా అయ్యాక చివరలో దాన్ని నింపి ముగింపు ముద్ర వేస్తుంది. "తర్వాత ఇంకా కొన్ని ఫోటోలు కలుపుదాం" అని తెరిచి ఉంచితే, వ్రాసిన యంత్రం తన లెక్కలను బట్టి చదువుకుంటుంది గాని ఇంట్లోని ప్లేయరుకు ఏమీ కనపడదు. రిజిస్టరంతా వ్రాసి సూచిక, ఆఖరి సంతకం లేకుండా పంపినట్టు. ఈ రకం సీడీలో సమాచారం చెక్కుచెదరదు. అందుకే "చెడిపోయింది" అని పారవేయకూడదు.

మూడవది, అమరిక తేడా. 1985లో అమెరికాలో తాహో సరస్సు దగ్గర హై సియెర్రా అనే హోటలులో కొన్ని కంపెనీల ప్రతినిధులు కూడి, సీడీ మీద ఫైళ్ళను ఎలా అమర్చాలో ఒక ఒప్పందానికి వచ్చారు. అదే 1988లో ఐఎస్ఓ 9660 అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. దాని తొలి మెట్టు ప్రకారం ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడక్షరాలకు మించరాదు. పెద్ద పేర్ల కోసం మైక్రోసాఫ్ట్ వారు 1995లో జోలియెట్ అనే ఏర్పాటు చేర్చారు. అది తెలియని యంత్రాల్లో పొడుగు పేర్లు మొండి పేర్లుగా కనిపించేవి. మరికొన్ని సాఫ్ట్‌వేర్లు సీడీని ఫ్లాపీలాగా ఎప్పటికప్పుడు వ్రాసుకొనే పద్ధతి పెట్టాయి. ఆ సాఫ్ట్‌వేరే లేని కంప్యూటరులో పెడితే అది ఖాళీ సీడీగా కనిపించేది.

నాల్గవది, కాంతి చాలకపోవడం. ఫ్యాక్టరీ సీడీ పడిన కాంతిలో కనీసం 70 శాతం వెనక్కి పంపుతుంది. 1997లో వచ్చిన, చెరిపి మళ్ళీ వ్రాసే సీడీ 15 నుంచి 25 శాతమే పంపుతుంది. అందుచేత పాత ప్లేయర్లకు అది కనపడదు. తర్వాత డీవీడీల కాలం వచ్చింది. అందులోనూ రెండు వర్గాలు. 1997లో డ్యాష్ గుర్తుది, 2002లో ప్లస్ గుర్తుది. ఒకటి చదివే యంత్రం రెండవదాన్ని కాదనేది. రెండు గుర్తులూ చదివే యంత్రాలు వచ్చేదాకా కొనుక్కున్నవాడికి తిప్పలు తప్పలేదు.

ఐదవది, అంచుదాకా నింపడం. మొదటి సీడీ ప్రమాణం 74 నిమిషాలు, అంటే 650 మెగాబైట్లు. తర్వాత గాడిని కాస్త బిగించి 80 నిమిషాలు, 700 మెగాబైట్లు చేశారు. చివర వ్రాసినదంతా బయటి అంచున ఉంటుంది. వేళ్ళు పడేది, ఎండ తగిలేది, పూత ముందుగా లేచేది అక్కడే. పెళ్ళి సీడీలో ముహూర్తం దాకా వచ్చి అప్పగింతల దగ్గర బొమ్మ ఆగిపోవడం ఈ కారణంచేతనే.

చెరిగిన అక్షరాన్ని పూరించే లెక్క

ఇప్పుడు ముందు చెప్పిన పండితుని పనికి వద్దాం. 1960లో అమెరికాలో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు ఒక వ్యాసం ప్రచురించారు. సమాచారంతో పాటు కొన్ని అదనపు అంకెలను లెక్కగట్టి పంపితే, దారిలో కొన్ని అంకెలు పోయినా మిగిలినవాటినిబట్టి పోయినవాటిని తిరిగి కనుక్కోవచ్చు అని. సీడీ నిలబడింది ఈ లెక్క మీదనే. కంప్యూటరు సీడీలో ఒక్కొక్క గడిలో 2352 బైట్లు ఉంటే అందులో మన సమాచారం 2048 మాత్రమే. మిగిలింది గుర్తులకు, దిద్దుబాటుకు పోతుంది. దానికి అడుగున ఇంకొక అంచె దిద్దుబాటు కూడా ఉంది. గాడి వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర పూర్తిగా చెరిగినా సీడీ దాన్ని పూరించుకోగలదు.

ఇందులో ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. మేలు అందరికీ తెలుసు. గీతలు పడ్డ సీడీ కూడా పాడుతుంది. కీడు ఏమంటే, లోపల చెడుతున్న సంగతి మనకు తెలియదు. సంవత్సరం సంవత్సరం రంగు వెలుస్తున్నా దిద్దుబాటు లెక్క కప్పిపుచ్చుతూ వస్తుంది. ఒకరోజు తప్పులు ఆ లెక్క పట్టుకోగలిగే హద్దు దాటుతాయి. నిన్నటిదాకా తెరుచుకున్న సీడీ ఈరోజు తెరుచుకోదు. బీపీ పరీక్ష చేయించుకోని మనిషి బాగానే తిరుగుతూ తిరుగుతూ ఒకనాడు కూలబడినట్టు.

ఇంకొక సంగతి. సీడీకి ప్రమాదం అడుగువైపు గీతలవల్లనే అనుకుంటాం. అడుగున 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు కవచంలాగా ఉంది. అక్కడి గీతను మెరుగు పెట్టవచ్చు. పేరు వ్రాసే పైభాగంలో మాత్రం అద్దపు పూతకు మనకు మధ్య పలుచని వార్నీషు ఒక్కటే అడ్డు. "చి.ల.సౌ. వివాహం" అని బాల్‌పెన్నుతో ఒత్తి వ్రాస్తే ఆ వ్రాతే అద్దాన్ని గీకేస్తుంది. కాగితం లేబులు అతికించి, తర్వాత పీకితే పూత కూడా లేచి వస్తుంది. శుభమా అని పేరు వ్రాసిన చేతితోనే పెళ్ళి చెరిపేసిన ఇళ్ళు నేను కొన్ని చూశాను.

రెండు సీడీల సంగతి

నా నోటుపుస్తకంలోని రెండు సంగతులు చెబుతాను. ఊరూ పేరూ ఎవరివని అడగకండి.

మన సభ్యుల్లో ఒకరు కాలం చేశారు. ఆయన షష్టిపూర్తి నాడు తీయించిన సీడీని ఏడాది తిరిగాక ఆయన భార్య తెచ్చారు. "అన్నా, ఇందులో మీ బావ మాట ఉండాది. యాడ పెట్టినా రాలేదు. ఒక్కసారి ఇనిపిస్తే సాలు" అన్నారు. ఫోటోలు ఇంట్లో ఎన్నయినా ఉన్నాయి. మాట మాత్రం దాంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. పెట్టి చూస్తే రెండు కంప్యూటర్లు ఖాళీ అన్నాయి. వెనక్కి తిప్పి వెలుతురులో చూశాను. వ్రాసినంత మేర పూత రంగు ఒక ఛాయగా, వ్రాయనిచోట మరొక ఛాయగా కనిపిస్తుంది. సగానికి పైగా ఛాయ మారి ఉంది. అంటే వ్రాత ఉంది, ముగింపు లేదు.

ఆ సీడీ వ్రాసిన స్టూడియోను వెతుక్కుంటూ వెళ్ళాం. యజమాని మారాడు గాని పాత కంప్యూటరు ఒక మూల బట్ట కప్పి ఉంది. ఆ కుర్రవాడు ఓపిగ్గా దాన్ని తుడిచి కదిలించాడు. వ్రాసిన యంత్రంలోనే పెట్టేసరికి ఫైళ్ళు కనిపించాయి. ముందు వాటిని హార్డు డిస్కులోకి కాపీ చేయించి, ఆ తర్వాతే ముగింపు వేయించాను. ఆ వరుస ముఖ్యం. ముగింపు వేసేటప్పుడు ఏదయినా తేడా వస్తే ఉన్నది కూడా పోతుంది. ఆమె అక్కడే స్టూలు మీద కూర్చొని విన్నారు. ఆయన వచ్చిన చుట్టాలను భోజనానికి లేవమని పిలుస్తున్న మాటలవి. అంతకు మించి ఏమీ లేదు. కాని ఆమెకు కావలసింది అదే.

రెండవది దీనికి విరుద్ధం. ఒక కుటుంబం తమ పెద్దాయన సర్వీసు కాగితాలన్నీ స్కాను చేయించి సీడీలో పెట్టుకొని, ఇల్లు మారేటప్పుడు కాగితాలను తూకానికి వేసింది. ఆయన పోయాక కుటుంబ పింఛను విషయంలో ఒక పాత ఉత్తరువు నకలు అవసరం వచ్చింది. సీడీ తీస్తే పూత వెలిసి, అంచున పొరలు లేచి ఉన్నాయి. కిటికీ పక్కన ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న సీడీ అది. నాకు తెలిసిన యంత్రాలన్నిటిలోనూ పెట్టి చూశాం. నిదానపు వేగంలో చదివించాం. కొన్ని పుటలు వచ్చాయి గాని కావలసిన పుట రాలేదు. చివరకు ఆ ఉత్తరువు నకలు కోసం ఆ ఇంటి ఇల్లాలు ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరగవలసి వచ్చింది.

ఈ రెంటిలో మొదటిది చదివే సాధనం పోవడం, రెండవది వ్రాసిన వస్తువు పోవడం. మొదటిదానికి మందు ఉంది. రెండవదానికి ముందుజాగ్రత్త తప్ప మందు లేదు.

తెలుగుకు ఉన్న చిక్కు

సీడీ చక్కగా తెరుచుకుంటుంది, ఫైలూ తెరుచుకుంటుంది, కాని తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పాత సంచికల ఫైళ్ళతో చాలా సంఘాలకు ఇది అనుభవమే. డీటీపీ కాలంలో తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచేవారు. ఏ కంపెనీ ఫాంటుకు ఆ కంపెనీ లెక్క. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ తెలుగు లేదు. భారతీయ భాషలకు ఇస్కీ అనే ప్రమాణం 1991లో ఖరారైంది. ప్రపంచ భాషలన్నిటికీ ఉద్దేశించిన యూనికోడ్ తొలి ప్రతి కూడా 1991లోనే వచ్చింది. అందులో తెలుగుకు స్థానం ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో మామూలు కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు కనిపించసాగింది. అంతకుముందువి, ఆ తర్వాత కూడా డీటీపీలో చేసినవి, ఫాంటుతో సహా దాచుకోకపోతే చదవడం కష్టం. వాటిని ముద్రించిన కాగితం ప్రతి ఒకటి ఉంటే ఈ చిక్కే లేదు.

సరిచూడడం, ప్రతులు తీయడం

ఇన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఒక చిన్న గడి ఉండేది. వ్రాత అయ్యాక మొత్తం చదివి మూలంతో సరిచూడమని చెప్పే గడి. దాన్ని టిక్కు పెడితే సమయం ఎక్కువ పడుతుంది. రద్దీ దుకాణంలో ఎవరు పెడతారు? మన ఆఫీసుల్లో టైపు చేసిన నకలును ఒకరు చదువుతుంటే మరొకరు మూలం చూసి, కింద "సరిచూడబడినది" అని సంతకం చేసేవారు. ఆ సంతకం లేని నకలు చెల్లేది కాదు. ఆ గుమాస్తా పద్ధతినే సాఫ్ట్‌వేరు గడి రూపంలో పెట్టింది. దాన్ని వదిలిపెట్టడంవల్ల, ఇంటికి చేరేనాటికే చెడి ఉన్న సీడీలు కొన్ని. వాటిని మొదటిసారి తెరిచింది పదేళ్ళ తర్వాత!

మన కడపలో ఈ పద్ధతికి గొప్ప ఉదాహరణ ఉంది. సి.పి. బ్రౌన్ దొర 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి తెలుగు నేర్చాడు. తర్వాత పండితులను జీతమిచ్చి పెట్టుకొని తాళపత్ర గ్రంథాలను సేకరింపజేసి, ఒకే గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధ ప్రతులు వ్రాయించాడు. ఒక ప్రతిలో చెరిగిన చోటు మరొక ప్రతిలో దొరికేది. ఆయన బంగళా ఉన్న స్థలంలోనే కడపలో ఆయన పేర గ్రంథాలయం వెలిసింది. దానికోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పడిన శ్రమ జిల్లావాసులకు విదితమే.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాను చేసే పథకానికి పూనుకున్నవారిలో ముఖ్యులు. అందులో భాగంగా 2003లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రారంభమైంది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దానికొక పెద్ద కేంద్రం. వేలాది తెలుగు పుస్తకాలు అలా కంప్యూటరుకెక్కాయి. తర్వాత ఆ వెబ్‌సైటు ఆగిపోయింది. అయినా ఆ పుస్తకాలను ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కాపీ చేసి ఉంచినందున చాలావరకు నేటికీ చదువుకోగలుగుతున్నాం. బ్రౌన్ నాటికైనా, నేటికైనా, పుస్తకాన్ని కాపాడింది రెండవ ప్రతే.

ఇప్పుడేం చేయాలి?

సీడీల కాలం ముగిసింది. మొదటి వ్రాసే సీడీని తయారుచేసిన తైయో యూడెన్ 2015లో ఆ వ్యాపారం మానుకుంది. మోజర్ బేర్ 2018లో మూతపడి ఆస్తుల అమ్మకానికి వచ్చింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటు కూడా ఉండడం లేదు. వ్రాసినది ఇంకా మిగిలివున్నా, చదివే యంత్రం నానాటికీ అరుదవుతోంది. కనుక సభ్యులు ఈ కింది విషయాలు గమనించ ప్రార్థన.

ఇంట్లో ఉన్న సీడీలన్నీ తీసి, ఈ ఏడాదిలోనే కంప్యూటరులోకి, అక్కడినుంచి పెన్‌డ్రైవుకో హార్డు డిస్కుకో మార్పించుకోండి. కాపీ అయ్యాక ఒక్కొక్క ఫైలూ తెరిచి కడదాకా చూడండి. కాపీ అయినట్టు కనిపించినంత మాత్రాన అయినట్టు కాదు.

తెరుచుకోని సీడీని పారేయకండి. వెనక ఛాయ చూడండి. వ్రాత ఉంటే వేరొక యంత్రంలో, వీలయితే వ్రాసిన యంత్రంలోనే, నిదానపు వేగంలో పెట్టించండి. మధ్యనుంచి అంచుకు మెత్తటి బట్టతో తుడవండి, గుండ్రంగా తుడవకండి.

ప్రతి విషయానికి కనీసం రెండు ప్రతులు, రెండు వేర్వేరు ఇళ్ళలో ఉండాలి. ఒకటి మన దగ్గర, ఒకటి కొడుకో కూతురో దగ్గర.

పింఛను మంజూరు ఉత్తరువు, సర్వీసు కాగితాలు, జంట ఫోటో వంటివి స్కాను చేయించుకున్నా, అసలు కాగితాలను ఎట్టి పరిస్థితుల్లోనూ తీసివేయవద్దు. కాగితానికి కరెంటు అక్కరలేదు, సాఫ్ట్‌వేరు అక్కరలేదు. ఏ కాగితం ఎక్కడుందో ఇంటి ఇల్లాలికి, పిల్లలకు చెప్పి ఉంచండి. మనం లేనినాడు వెతుక్కోవలసినవారు వాళ్ళే.

సంఘం కార్యాలయంలో సీడీ చదివే యంత్రం ఒకటి పనిచేసే స్థితిలో ఉంచి, నెలకొక రోజు సభ్యుల సీడీలు చూసే ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. కార్యవర్గం అంగీకరిస్తే ఆ రోజు నేను వచ్చి కూర్చోవడానికి సిద్ధం. సభ్యులు సీడీలను కవరులో పెట్టి, పైన పెన్నుతో ఒత్తి వ్రాయకుండా తీసుకురాగలరు.